తెర మీద ఆకుపచ్చ జీర

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, పిచ్చుకా, అత్తయ్యా క్షేమంగానే ఉన్నాం, అత్తయ్య ఎడమ మోకాలిని లెక్కలోంచి తీసేస్తే. ఆ మోకాలికి క్షేమం అనే మాట గిట్టదని మీకు తెలిసిందే. మీరూ, మీ ఓడా, మీతో పనిచేసేవాళ్ళూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇంజన్ గదిలో చల్లగా ఎక్కడ ఉంటారు లెండి, మాటవరసకి అన్నాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. కవరు మీద రేవు ముద్ర చూస్తే బయల్దేరి ఇరవై రెండు రోజులైంది. మీరు అడిగిన వాటిల్లో సగం ఈపాటికి వాటంతటవే తేలిపోయాయి, అయినా వరసగా జవాబులు రాస్తాను. వీధి తలుపు గడియ బాగైంది. వడ్రంగి రెండుసార్లు వస్తానని చెప్పి రాలేదు, మూడోసారి చెప్పకుండా వచ్చి చేసి వెళ్ళాడు. అత్తయ్య మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగారు. వేసుకుంటున్నానని చెబుతున్నారు. నిన్న దిండు గలీబు ఉతకడానికి తీస్తే లోపల నాలుగు మాత్రలు దొరికాయి. "అవి అక్కడికెలా వెళ్ళాయో నాకేం తెలుసు, కాళ్ళొచ్చాయేమో" అన్నారు. ఇవాళ్టి నుంచి నా ఎదురుగానే వేసుకోవాలని చెప్పాను. పిచ్చుకకి పైపన్ను ఊడింది. నాన్నకి పంపుతానని కాగితంలో చుట్టి ఇదే కవరులో పెట్టింది, విప్పేటప్పుడు కింద పడెయ్యకండి.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. కొత్త మానిటర్ ఇంకా బాగానే ఉందా అని ఒకటి, స్టూడియో మాస్టారు ఎలా ఉన్నారని ఒకటి. ఈ రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పే వీలు లేకుండా పోయింది. ఉత్తరం లావుగా ఉండటానికి కారణం అదే.

పాత మానిటర్ ఎలా పోయిందో మీకు పూర్తిగా రాయలేదు. దుప్పట్ల మిల్లువాళ్ళకి పన్నెండు పూల డిజైన్లు శుక్రవారానికి ఇవ్వాలి. సోమవారం పొద్దున్న తెర ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. తిట్టినా, తట్టినా మళ్ళీ వెలగలేదు. మధ్యాహ్నానికల్లా బజారు వీధిలో గాజు తలుపుల కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళి కొత్తది తెచ్చాను. కొట్లో అన్ని దీపాల మధ్య చూస్తే ప్రతి తెరా పెళ్ళికూతురే. ఇంటికి తెచ్చి కిటికీ తెర వేసి చూస్తేగానీ అసలు ముఖం తెలియదు.

మిల్లులో రంగులు కలిపే ఆవిడ నాకొక పద్ధతి నేర్పింది. కొత్త మానిటర్ పెట్టగానే బొమ్మలు చూడకూడదట. బొమ్మ కంటిని మాయ చేస్తుంది. తెర నిండా ఒకే రంగు పెట్టి చూడాలి, ముందు నలుపు, తరవాత తెలుపు, ఆఖర్న బూడిద రంగు. నలుపు పెడితే కింద కుడి మూలనుంచి, తలుపు సందులోంచి వచ్చినట్టు, వెలుగు కారుతోంది. తెలుపు పెడితే ఎడమ అంచుకి నాలుగు వేళ్ళ దూరంలో ఒక నల్ల చుక్క. అత్తయ్య కొంగు తడిపి తుడిచారు. గోటితో గీకబోతుంటే ఆపాను.

"బియ్యంలో రాయైతే ఏరి పారేస్తాం. దీన్నేం చేస్తారే?" అన్నారు.

ఏమీ చెయ్యరు. ఆ చోట వెలగాల్సిన చుక్క చచ్చిపోయింది, అంతే. బూడిద రంగు పెట్టినప్పుడు అసలు జబ్బు బయటపడింది. తెరలో ఎడమ మూడోవంతు పొడుగునా పల్చటి ఆకుపచ్చ జీర. పాలలో ఆకు పసరు ఒక్క బొట్టు పడ్డట్టు. చూడటం చేతకానివాళ్ళకి కనబడదు. నాకు మాత్రం ఒకసారి కనబడ్డాక ఇంకేమీ కనబడలేదు. పూల రేకులు ఎడమవైపు పెడితే ఒక రంగు, కుడివైపుకి జరిపితే ఇంకో రంగు. చుక్క ఎక్కడుందో కొట్లో వెతుక్కోకుండా, దానికి ఎదురుగా మానిటర్ చట్రం మీద పెన్సిలుతో చిన్న గీత గీసి, మర్నాడు పట్టుకెళ్ళాను.

కొట్టాయన ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. "ఒక్క చుక్కకి మార్చరమ్మా, కంపెనీ లెక్క ప్రకారం ఐదు దాటాలి. మూల వెలుగంటారా, అది అన్నిటికీ ఉండేదే. ఆకుపచ్చెక్కడుంది? నాకేం కనబడట్లేదే" అన్నాడు. ఆ దీపాల కింద నాకూ సరిగ్గా కనబడలేదు. అయినా కదలకుండా కౌంటరు దగ్గరే నిలబడ్డాను. గంట తరవాత ఇంకొకటి ఇచ్చాడు. ఆ రెండోదానికి వంక పెట్టడానికి లేదు. డిజైన్లు శుక్రవారం అందాయి. 'కొట్టాయన మంచివాడు, మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు' అని అప్పుడు మీకు రాశాను. ఆ వాక్యం అబద్ధం. దాని సంగతి కాసేపాగి చెబుతాను, ముందు మాస్టారి సంగతి.

అది జరిగిన రెండు నెలలకి మాస్టారు కబురు పెట్టారు. వెళ్ళాను. మీకు ఆ స్టూడియో గుర్తుండే ఉంటుంది. ముందు గదిలో గోడ నిండా ఫోటోలు, మధ్యలో మన పెళ్ళి ఫోటో, అందులో మీరు తుమ్ము ఆపుకుంటున్నట్టు ఉంటారు. వెనక గదిలో ఆయన కుర్చీ. ఆరేళ్ళు ఆ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని నేను పని నేర్చుకున్నాను. మనిషి ముఖంలో ఎన్ని రంగులుంటాయో నాకు చూపించింది ఆయన.

వెళ్ళేసరికి బల్ల మీద పెళ్ళి ఫోటోలు పరిచి ఉన్నాయి. అందరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి.

"పెళ్ళికొడుకు తండ్రి వెనక్కి తెచ్చిచ్చాడు. మా కోడలు పీటల మీదే అలిగిందా మాస్టారూ అని అడిగాడు. ఇది మూడో ఆల్బం అమ్మాయ్. నేను చూస్తే ముఖాలు పచ్చగా పాలిపోయినట్టుంటాయి. కొంచెం ఎరుపు కలిపి సరిచేస్తాను. అచ్చయి వస్తే ఇదిగో ఇలా" అన్నారు.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను. వయసుకి బాగానే ఉన్నాయన్నాడు, కొత్త అద్దాలిచ్చాడు. ముసలాడి మనసు కష్టపెట్టడం ఎందుకని అలా చెప్పి ఉంటాడు. కళ్ళు పోయాయమ్మాయ్. నలభై ఏళ్ళు వాడాను, ఇంకెన్నాళ్ళు వస్తాయి?" ఏ బాధా లేనట్టే అన్నారు గానీ, చేతిలో ఉన్న ఫోటో మూల అదే పనిగా మడుస్తున్నారు. ఆయన ఫోటో మడవడం నేనెప్పుడూ చూడలేదు.

నెలాఖరుకి స్టూడియో మూసేస్తానన్నారు. తన ఖాతాదార్లందరికీ నా పేరు చెబుతానన్నారు. "నీ కళ్ళు బంగారం. పని పరాయి చేతిలోకి పోకుండా నీ దగ్గరుంటే నాకు తృప్తి. ఇదిగో, ఈ స్కూలు ఫోటోలతో మొదలుపెట్టు. ఇలా కూర్చుని ఒకసారి చూడు" అని తన కుర్చీలోంచి లేచారు.

కూర్చున్నాను. ఆయన అలవాటు మీకు తెలియదు, ఫోటో ఎప్పుడూ తెరకి ఎడమవైపే పెట్టుకుంటారు, పనిముట్లు కుడివైపు. మానిటర్ కొత్తది. ఎడమ చట్రం మీద చిన్న పెన్సిలు గీత ఉంది. గీతకి ఎదురుగా, నాలుగు వేళ్ళ దూరంలో, నల్ల చుక్క.

"ఎప్పుడు కొన్నారు మాస్టారూ ఇది?" అని అడిగాను.

"రెండు నెలలు కావొస్తోంది. పాతది కళ్ళు లాగుతోందని మార్చాను. బజారు వీధిలో ఆ గాజు తలుపుల కొట్లో. కొత్తది తెచ్చినా కళ్ళు ఆగలేదు చూశావా" అన్నారు.

ఇప్పుడు చెబుతాను. కొట్టాయన నాకు మారుమాట లేకుండా మార్చలేదు. లోపం ఉందని వెనక్కి తీసుకుంటే కంపెనీవాడితో తనకి నెలల తరబడి తగువన్నాడు. ఒక కాగితం ముందుకు తోసి, "లోపమేమీ లేదు, నాకు నప్పక తిరిగి ఇస్తున్నాను అని రాసి సంతకం పెట్టండి, ఇప్పుడే ఇంకొకటి ఇస్తా" అన్నాడు. "మరి ఇదేం చేస్తారు?" అని అడిగాను. "ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి ఈ జీరలూ చుక్కలూ ఏం పడతాయమ్మా" అన్నాడు. శుక్రవారం నా కళ్ళముందుంది. రాశాను, సంతకం పెట్టాను. తెలియక రాయలేదండీ. దాన్ని కొత్తదని చెప్పి ఎవరికో అంటగడతాడని తెలిసే రాశాను. ఆ ఎవరో ముఖం లేని మనిషి కాబట్టి రాయగలిగాను.

ఆ రోజు మాస్టారి కుర్చీలో కూర్చుని కూడా నోరు విప్పలేదు. స్కూలు ఫోటోలు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో నాకు నేనే చెప్పుకున్నాను, కళ్ళు నిజంగానే తగ్గాయేమో, అరవై నాలుగేళ్ళు, ఎప్పటికైనా మూసేదే కదా అని. స్కూలు ఫోటోలు దిద్దాను. బాగా వచ్చాయి. మాస్టారు చూసి, "చెప్పానా" అని నవ్వి ఇంకో కట్ట ఇచ్చారు. అదీ తీసుకున్నాను. మొత్తం తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ మీకు ఉత్తరం మొదలుపెట్టి, క్షేమం అన్న మాట దగ్గరే ఆపేశాను.

తొమ్మిదో రోజు సాయంత్రం పిచ్చుకని బడినుంచి తీసుకొస్తూ పెద్ద రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగాను. మాకు ముందు మాస్టారు నిలబడి ఉన్నారు, చేతిలో కూరల సంచి. ఆయన మమ్మల్ని చూడలేదు. ఎదురుగా పచ్చదీపం వెలిగింది. అందరూ కదిలారు. ఆయన కదలకుండా పక్కనున్న ఒకావిణ్ణి, "అమ్మా, అది పచ్చదేనా?" అని అడిగారు. ఆవిడ ఔనంది. అయినా రెండడుగులు వేసి, ఆగి, మళ్ళీ దీపంకేసి చూశారు. ఆయనకి అది పచ్చగానే కనబడుతోంది. కనబడిందాన్ని నమ్మడం మానేశారు.

ఇంటికి వచ్చి అత్తయ్యకి అంతా చెప్పాను. ఆవిడ మోకాలికి మందు రాసుకుంటూ విన్నారు. కేకలేస్తారనుకున్నాను. "ఇదంతా నాకెందుకు చెబుతున్నావు? నేనేమైనా ఫోటోలు దిద్దుతానా?" అన్నారు. అంతే. తరవాత పిచ్చుకని పిలిచి, రేపు పొద్దున్న అమ్మకి పనుంది, నీ జడ నేనే వేస్తానని చెప్పారు.

పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాను. మాటలతో మొదలుపెట్టే ధైర్యం లేక, తెర నిండా బూడిద రంగు పెట్టాను. దాని మీద ఒక పాప ఫోటో ఎడమవైపు పెట్టి, మెల్లగా కుడివైపుకి జరిపాను. ముఖం రంగు మారింది. మాస్టారు ముందుకు వంగారు. నా చేతిలోంచి మౌస్ తీసుకుని తనే జరిపారు. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. అద్దాలు తీసి జరిపారు, పెట్టుకుని జరిపారు.

"అయితే నా కళ్ళు?" అన్నారు.

"మీ కళ్ళకేం కాలేదు మాస్టారూ. ఈ తెర పచ్చగా చూపిస్తుంటే మీరు సరిగ్గా చూసి ఎరుపు కలిపారు. తప్పు తెరది." తరవాత మిగతాది కూడా చెప్పాను. పెన్సిలు గీత నాదేనని, కాగితం మీద సంతకం నాదేనని.

ఆయన చాలాసేపు ఆ గీతని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు. కొట్టువాళ్ళు పెట్టిన గుర్తు అనుకున్నారట.

"నీకెప్పుడు తెలిసింది?"

"మీ కుర్చీలో కూర్చున్న రోజే."

"ఆ రోజే" అన్నారు. "రెండో కట్ట కూడా పట్టుకెళ్ళావు కదూ. అవి తెచ్చి ఇచ్చెయ్యి" అన్నారు.

నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో మీకు రాయలేను. ఆరేళ్ళు ఆయన దగ్గర తిట్లు తిన్నాను, వాటికి ఎదురు చెప్పడం నాకొచ్చు. ఇంటికి వెళ్ళి ఆ కట్ట తెచ్చి ఇచ్చాను.

మధ్యాహ్నం ఇద్దరం మానిటర్ పట్టుకుని కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన ఆ రోజు నవ్వలేదు. సొరుగులోంచి నా కాగితం తీసి మాస్టారి ముందు పెట్టాడు. "చూడండి సార్, లోపం లేదని ఈవిడే రాసిచ్చారు. నేను అదే మాట నమ్మి మీకు అమ్మాను" అన్నాడు. అక్షరాలు గుండ్రంగా, తొందరలేకుండా ఉన్నాయి. ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత కుదురుగా ఎలా రాశానా అని చూస్తూ ఉండిపోయాను. ఒక తెల్ల కాగితం అడిగి, ఈ మానిటర్లో లోపం ఉంది, తెలిసీ లేదని రాశాను అని దాని మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. కొట్టాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "రెండూ మీవే. దేన్ని నమ్మమంటారు?" అన్నాడు.

అతని తప్పు అతనికుంది. మాస్టారికి కొత్తదని చెప్పి అమ్మిన నోరు అది. కానీ అతనికి ఆ కాగితం ఇచ్చింది నేను. "పద" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రమే మన ఇంట్లో ఉన్న మంచి మానిటర్ విప్పి, స్టూడియోకి పట్టుకెళ్ళి పెట్టాను. పచ్చజీరది మనింటికి తెచ్చుకున్నాను. తీగలు తగిలించేటప్పుడు మాస్టారు బల్ల ముందుకు జరిపారు.

మిమ్మల్ని అడగలేదు. ఆ వేడిలో మీరు పని చేసి పంపిన దాంతో కొన్న వస్తువు, చెప్పకుండా ఇచ్చేశాను. అడగడానికి ఇరవై రెండు రోజులు, జవాబు రావడానికి ఇంకో ఇరవై రెండు, అన్నాళ్ళు ఆగే పని కాదనిపించింది. కోపం వస్తే కోపంగానే రాయండి. నా మనసు కష్టపెట్టకూడదని మెత్తగా మాత్రం రాయకండి. మీరు మెత్తగా రాస్తే మళ్ళీ ఏదో దాచిపెట్టినట్టే ఉంటుంది నాకు.

నా పని జరుగుతోంది, కంగారు పడకండి. పూలన్నీ తెరకి కుడివైపే పెట్టుకుంటున్నాను. ఎడమవైపుకి పనిముట్లు నెట్టేశాను. ప్రతి డిజైనూ ఒక ముక్క అచ్చు తీయించి, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూశాకే పంపుతున్నాను. మిల్లువాళ్ళు ఒక్కటే వెనక్కి పంపారు, ఆకులు వాడినట్టున్నాయని. మిల్లులో రంగులు కలిపే ఆవిడకి కూడా జరిగింది చెప్పాను. "పద్ధతి నేర్పింది కొనుక్కునేటప్పుడు చూసుకోమని, తిరిగిచ్చేటప్పుడు దాచిపెట్టమని కాదు" అంది. ఆవిడ నాకన్నా పదేళ్ళు చిన్నది. మాట పడ్డాను.

స్టూడియో మూయలేదు. ఆ మూడు ఆల్బములూ మాస్టారు మళ్ళీ చేసి ఇచ్చారట, పెళ్ళికొడుకు తండ్రి ఈసారి కోడలు నవ్వుతోందని చెప్పి వెళ్ళాడట. ఈ సంగతులన్నీ మాస్టారి భార్య బజార్లో కనబడినప్పుడు చెప్పింది. ఆయన మూడు వారాలు నాకు ఏ కబురూ పెట్టలేదు. నేనూ వెళ్ళలేదు. ఖాతాదార్ల ఊసు మళ్ళీ రాలేదు, ఇక రాదు కూడా, రాకపోవడమే న్యాయం.

నిన్న మధ్యాహ్నం పిలిపించారు. వెళ్ళేసరికి కుర్చీలో కూర్చుని ఒక పెద్దావిడ ఫోటో దిద్దుతున్నారు. నా స్టూలు పక్కనే ఉంది. కూర్చోమనలేదు. నేను కూర్చున్నాను. తలతిప్పకుండానే, "ఎలా ఉంది?" అన్నారు.

చూశాను. చాలా బాగుంది. కానీ అడిగారు కదా అని కనబడింది చెప్పాను. "బుగ్గల దగ్గర ఎరుపు ఒక్క పిసరు ఎక్కువైందేమో మాస్టారూ."

ఆయన ఫోటోకేసి చూశారు. అద్దాలు తీయలేదు, తుడవలేదు. డాక్టరు మాట ఎత్తలేదు. "ఎక్కువ కాలేదు. సరిగ్గా ఉంది. పొద్దుట్నుంచీ ఆ పచ్చ తెర ముందు కూర్చుని వచ్చావు, నీ కళ్ళు దానికి అలవాటు పడ్డాయి. బయట కాసేపు వెలుగులో నిలబడి రా" అన్నారు.

వెళ్ళి వీధిలో నిలబడ్డాను. ఎదురింటి గోడ, ఆగి ఉన్న సైకిళ్ళు, వచ్చేపోయే మనుషుల ముఖాలు చూస్తూ పది నిమిషాలు గడిపాను. లోపలికి వచ్చి మళ్ళీ చూశాను. ఎరుపు ఎక్కడా ఎక్కువ లేదు.

"సరిగ్గానే ఉంది మాస్టారూ" అన్నాను.

"నాకు తెలుసు" అన్నారాయన, తరవాతి ఫోటో తీస్తూ.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
మీ ఇల్లాలు